మిద్దె మీద ఊలు డ్రాయర్లు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, నేను సంచిలోంచి అల్లిక తీస్తాను. మొన్న దసరా అయిన వారం కూడా అలాగే తీశాను. నా పక్కన ఒక ముసలామె కూర్చుంది. ఒళ్ళో బుట్ట, బుట్టలో తమలపాకులు. కాసేపు నా చేతులు చూసి, ఊరుకోలేక అడిగింది.

"ఎవురికమ్మా స్వెట్టరు? మనవనికా?"

"స్వెట్టరు గాదు పెద్దమ్మా. డ్రాయరు."

"ఎవురికి?"

"నాకే."

మా ముందు సీట్లో తలకు కట్టు కట్టుకున్న మనిషి ఒకడున్నాడు. దేవరగట్టులో దసరా రాత్రి కర్రలతో కొట్టుకునే ఉత్సవంలో తల పగిలిందట. బస్సెక్కినప్పటి నుంచి, దెబ్బ ఎటు నుంచి వచ్చింది, రక్తం ఎట్లా కారింది, పసుపు ఎట్లా అద్దుకున్నాడు, ఇవన్నీ పక్కనున్నవాళ్ళకు గర్వంగా చెబుతున్నాడు. నా మాట చెవిన పడేసరికి కథ సగంలో ఆపి వెనక్కి తిరిగాడు. నా చేతిలోది చూశాడు. చూసి గబుక్కున కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు. తల పగలగొట్టుకుని, ఆ కట్టు నలుగురికీ చూపించుకుంటూ పోయే మనిషికి, నా అల్లిక చూస్తే సిగ్గేసింది.

పెద్దమ్మ మాత్రం చెయ్యి చాపి ఊలును వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"మెత్తగుంది. అయితే లోపల ఏసుకునేదానికి ఇంత పనా? ఎవురు సూస్తారమ్మా?"

"ఎవురూ సూడరు పెద్దమ్మా."

"మరి ఎందుకు?"

ఈ మాట నన్ను చాలామంది అడిగారు. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా చెప్పాను, కొందరికి అసలు చెప్పలేదు. ఇక్కడ మాత్రం మొదటి నుంచీ చెబుతాను.

నేను ఎమ్మిగనూరులో ఒక బట్టల కొట్లో పనిచేస్తాను. చీరలు చూపించేవాళ్ళు ముందు భాగంలో లైట్ల కింద, తెల్ల పరుపుల మీద కూర్చుంటారు. నాది లోపల, మెట్ల కింద మూల. ఆడవాళ్ళ లోపలి బట్టలన్నీ అట్టపెట్టెల్లో నా వెనక ఉంటాయి. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్ళు చీరలు, జాకెట్లు, పిల్లల బట్టలు అన్నీ తీసుకున్నాక, చివరికి నా దగ్గరికి వస్తారు. వచ్చి నోటితో అడగరు. కంటితో అడుగుతారు. "అక్కా, అది..." అంటారు. ఏ సైజు అని అడిగితే ఎవరో కొట్టినట్టు వెనక్కి చూస్తారు. నేను ఒళ్ళు చూసి సైజు పోల్చుకుని, పెట్టె తీసి, పాత పేపర్లో చుట్టి, పైన నల్ల కవరు వేసి ఇస్తాను. చేరిన నాటి నుంచి ఇదే పని. ఇన్నేళ్ళలో నా కౌంటరు దగ్గర గట్టిగా మాట్లాడిన ఆడమనిషిని నేను చూడలేదు. నేనూ గట్టిగా మాట్లాడలేదు.

మా ఆయనకు ఆదోనిలో సైకిల్ షాపు ఉంది. పిల్లకు పెళ్ళయి బళ్ళారిలో ఉంటుంది. ఇద్దరమే. పత్తి మార్కెట్టుకు దగ్గర్లో ఒక మిద్దె మీద రెండు గదుల్లో అద్దెకుండేవాళ్ళం.

కొన్నేళ్ళ కిందట నాకు గర్భసంచి తీసేశారు. మా వైపు ఆడవాళ్ళలో ఇది కొత్త సంగతేం కాదు. బొడ్డు కింద అడ్డంగా కోశారు. కోత మానింది గాని, మానిన చోట వేలు లావున గట్టు కట్టింది. నేను కొట్లో అమ్మే ఏ డ్రాయరు వేసుకున్నా దాని రబ్బరు సరిగ్గా ఆ గట్టు మీదే కూర్చునేది. పొద్దున బస్సెక్కేటప్పుడు దురద, మధ్యాహ్నానికి మంట, సాయంత్రానికి చెమ్మ. పెద్ద సైజు వేసుకుంటే జారేది. రబ్బరు తీసేసి తాడు ఎక్కిస్తే తాడు కోసేది. డాక్టరు దగ్గరికి పోతే పూత మందు రాసిచ్చి, వదులుగా ఉండే బట్టలు వేసుకోమన్నాడు. వదులుగా ఉండేవి నా వెనక అన్ని పెట్టెల్లో ఒక్కటీ లేదు. తాలూకా అంతటికీ డ్రాయర్లు అమ్మే మనిషికి వేసుకోవడానికి డ్రాయరు లేకపోయింది.

దానికి తోడు చలి. ఆపరేషను తర్వాత పొత్తికడుపులో ఏదో ఖాళీ చేసి తలుపు తీసి పెట్టినట్టు ఉండేది. మార్గశిరంలో తొలి బస్సు ఎక్కితే, అద్దం పూర్తిగా మూసుకోని కిటికీలోంచి గాలి వచ్చి నేరుగా అక్కడే దూరేది. ఆదోనిలో ఏం చలి అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. ఎండాకాలం మా బండలు ఎట్లా కాలుతాయో నాకూ తెలుసు. అయినా చలి ఊరును బట్టి వెయ్యదు, ఒంటిని బట్టి వేస్తుంది.

ఒకరోజు కొట్లో పసిబిడ్డల మేజోళ్ళు సర్దుతుంటే ఒకదాని మెడ వేళ్ళతో లాగి చూశాను. సాగింది. వదిలితే దగ్గరికి వచ్చింది. లోపల రబ్బరు లేదు. అప్పుడు గుర్తొచ్చింది, హైస్కూల్లో మాకు క్రాఫ్టు పీరియడు ఉండేది. టీచరమ్మ రెండు పుల్లలు ఇచ్చి సీదా, ఉల్టా నేర్పించింది. కన్ను అంటే పుల్ల మీద పడే దారం ముడి, ఒక కన్ను సీదా, ఒక కన్ను ఉల్టా వేసుకుంటూ పోతే ఆ పట్టీ సాగుతుంది, మళ్ళీ ముడుచుకుంటుంది. స్వెట్టరు చేతుల అంచుల్లో ఉండేది అదే. ఆ పట్టీ నడుముకు వేసుకుంటే? నాలుగు వేళ్ళ వెడల్పున, గట్టు పైనుంచి బొడ్డు దాకా, ఎక్కడా కొయ్యకుండా కడుపంతా పట్టుకునేట్టు?

ఇంటికొచ్చి మా ఆయన్ను సైకిల్ చక్రం పుల్లలు కావాలని అడిగాను.

"ఎన్ని?"

"నాలుగు. కొసలు నున్నగ జేసియ్యి."

"ఎందుకు?"

"అల్లుకునేకి."

ఆయన మనవడికి టోపీ అనుకున్నాడు. కొత్త పుల్లలు తీసి, కొసలు సానరాయికి పట్టి, గరుకు కాగితంతో రుద్ది, కొబ్బరినూనె పూసి ఇచ్చాడు. దుకాణాల్లో దొరికే అల్లిక పుల్లలు లావుగా ఉంటాయి, వాటితో అల్లితే గోనెలా వస్తుంది. సైకిల్ పుల్లకు కన్ను సన్నగా పడుతుంది. ఒంటికి తగిలే దానికి సన్న కన్నే కావాలి.

ఊలు దగ్గర చాలా తంటాలు పడ్డాను. ఫ్యాన్సీ షాపులో దొరికే ఉండలు పేరుకే ఊలు, వేసుకుంటే లోపల ఉడికిపోతుంది. మా వైపు గొర్రె ఉన్ని కంబళికి బాగుంటుంది గాని చర్మానికి ముల్లులా గుచ్చుకుంటుంది. చలికాలంలో బజారు పక్కన పాత స్వెట్టర్లు కుప్ప పోసి అమ్ముతారు. ఆ కుప్పలో చెయ్యి పెట్టి మెత్తగా తగిలిందల్లా తీసి, ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూసేదాన్ని. కాలిన వెంట్రుక వాసన వస్తే అసలు ఊలు. ప్లాస్టిక్ వాసన వస్తే మళ్ళీ కుప్పలోకి. అలా ఒక ఎర్ర స్వెట్టరు దొరికింది. కుంకుమ ఎరుపు. ఇంటికి తెచ్చి మొత్తం విప్పి, చుట్టలు చుట్టి, ఉతికి, చుట్టలకు కింద చెంబు వేలాడదీసి ఆరబెట్టాను. మెలికలు పోయి దారం సాఫీగా వచ్చింది.

మొదటిసారి అల్లింది చూసి నేనే నవ్వుకున్నాను. అందులో నేనూ మా ఆయనా కలిసి పట్టేవాళ్ళం. విప్పేశాను. రెండోది నడుముకు సరిపోయింది గాని కాళ్ళ మధ్య ముక్క ఎట్లా తిప్పాలో తెలియలేదు, కూర్చుంటే పట్టేసింది. కొట్లోంచి ఒకటి కొని తెచ్చి, కుట్లు విప్పి, ముక్కలు ముక్కలుగా నేల మీద పరిచి చూశాను. ఇన్నేళ్ళు అమ్మిన వస్తువు లోపల ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాను. ఆ ముక్కల కొలతలకే కళ్ళు పెంచుతూ తగ్గిస్తూ మళ్ళీ అల్లాను.

అది సరిపోయింది.

అది వేసుకుని బస్సెక్కి, కొట్లో నిలబడి, మళ్ళీ బస్సులో ఇంటికొచ్చి, తలుపేసుకుని చూసుకున్నాను. గట్టు మీద ఎర్ర గీత లేదు. చెమ్మ లేదు. కడుపు వెచ్చగా ఉంది. నా ఒంటికి కొలత తీసి, ఇక్కడ నొప్పి ఉంది, ఇక్కడ తగలకూడదు అని తెలిసి చేసిన బట్ట నా జన్మలో అదే మొదటిది. మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత లేచి అన్నం వండాను.

అవసరం అక్కడితో తీరింది. ఇంకో రెండు అల్లుకుని ఆపేయవచ్చు. నేను ఆపలేదు. రుచి తగిలింది. ఆకుపచ్చది అల్లాను, దాని నడుముకు పసుపు వరస వేశాను. చేతుల్లేని బనియన్ అల్లాను. ఒకదానికి కాళ్ళ అంచున చిన్న చిన్న రంధ్రాల డిజైను వేశాను. ఆకులు వరసగా నిలబడినట్టు వస్తుంది. ఆ ఒక్క అంచే మూడు వారాలు పట్టింది. దాన్ని ఎవరూ చూడరు. మా ఆయన కూడా చూడలేదు, ఆ వయసు దాటిపోయాం. నాకు మాత్రం చీర కింద ఆ ఆకులున్నాయని రోజంతా గుర్తుండేది. కొట్లో ఎవరైనా గదమాయిస్తే లోపల్లోపల నవ్వుకునేదాన్ని. ఊరంతా చూసి మెచ్చుకోవాలని కట్టే చీరలు అమ్మేవాళ్ళు ముందున్నారు కదా. నేను నాకోసం చేసుకున్నాను. దానికి సంజాయిషీ ఎవరికి ఇవ్వాలి?

సంజాయిషీ అడిగినవాళ్ళు వచ్చారు. ఆరవేయడం దగ్గర మొదలైంది.

మామూలు బట్టల్లా ఊలును తీగకు వేలాడదీస్తే సాగిపోతుంది. ఎండలో వేస్తే బిరుసెక్కుతుంది. నీడలో, గాలి తగిలేలా, పరిచి ఆరబెట్టాలి. మా మిద్దె పైన నీళ్ళ ట్యాంకు నీడలో పాత నవారు మంచం ఒకటి ఉంది. దాని మీద టవలు వేసి, నా డ్రాయర్లు పరిచేదాన్ని. ఎర్రది, ఆకుపచ్చది, నీలంది. మిగతా ఆడవాళ్ళంతా అలాంటివి చీర కింద, లంగా కింద దాచి ఆరేస్తారు. సగం తడిగానే తీసి వేసుకుంటారు. తర్వాత తొడల్లో పుండ్లని నా కౌంటరు దగ్గరికొచ్చి గుసగుసగా చెబుతారు. నాకు ఆ పుండ్లు అక్కర్లేదు.

ఇంటి ఓనరమ్మ కింద ఉండేది. నాకన్నా పెద్దది, మనిషి చెడ్డది కాదు. పండగకు బొబ్బట్లు పంపించేది. ఒక ఆదివారం వడియాలు పెట్టడానికి పైకి వచ్చి మంచం దగ్గర ఆగిపోయింది.

"ఏమమ్మా ఇవి?"

"డ్రాయర్లమ్మా."

"కనపడ్తాండాయిలే. ఇట్లా బహిరంగంగా ఏస్తారా?"

"నీడ, గాలి కావల్లమ్మా వాటికి."

"పైన ఒక పాత సీరె కప్పకూడదా?"

"కప్పితే ముక్క వాసనొస్తాయి."

ఆమె ఎదురు మిద్దె వైపు చూసింది. గొంతు తగ్గించింది. "ఎదురుగ మగపిల్లోళ్ళు సదువుకుంటా ఉంటారు. వాళ్ళ కంట్లో పడితే ఏం బాగుంటాది?"

"సదువుకోనీలేమ్మా. వాళ్ళమ్మలు గూడ ఏసుకుంటారు గదా."

"ఏం నోరమ్మా నీది!"

నిజానికి అంతటితో ఆపేదాన్ని. కాని ఆమె వెనక తీగ మీద వాళ్ళాయన చారల చెడ్డీలు వరసగా గాలికి ఊగుతున్నాయి. వేలు చూపించాను.

"మీ ఆయనవి రోజూ ఈడనే ఆర్తాండాయి గదమ్మా. నేను బట్టలు తియ్యనీకి వచ్చినప్పుడల్లా నా మొగానికి తగుల్తాండాయి. నేనెప్పుడన్నా ఒక మాటన్నానా?"

ఆమె వడియాలు పెట్టకుండానే పళ్ళెం తీసుకుని దిగిపోయింది.

మాట మిద్దె దిగి వీధిలోకి పోయింది. వీధిలోంచి టీ కొట్టుకు, టీ కొట్టు నుంచి సైకిల్ షాపుకు. మా ఆయన ఒక సాయంత్రం మొహం మాడ్చుకుని వచ్చాడు. చేతులు కడుక్కోకుండానే మొదలుపెట్టాడు.

"ఏమన్నా, మీ మిద్దె మీద ఎర్రజెండాలు ఎగురుతాండాయంటనే, పార్టీ మారినావా అంటాండారు నన్ను."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? తలకాయ వంచుకుని పంచరేసుకున్యా." చేతులు కడుక్కుంటూ, "లోపల ఫ్యాను కింద ఏసుకో. అందరూ నవ్తాండారు" అన్నాడు.

"నవ్వనీ."

"నీకేం, పొద్దున్నే బస్సెక్కి పోతావు. నేను ఈడ కూసోవల్ల, వాళ్ళ మొగాలు సూస్కుంటా."

అది నిజమే. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం లేదు. అయినా నాలో ఏదో తెగింది.

"నేను సగం జీవితం వాటిని పేపర్లో సుట్టి అమ్మినాను" అన్నాను. "గుసగుసగ అమ్మినాను. నా కడుపు కోసేటప్పుడు ఎవురూ నన్ను పేపర్లో సుట్టలేదు. డాక్టరు, నర్సమ్మ, నేర్చుకునే పిల్లోళ్ళు, అందరూ సుట్టూ నిలబడి సూసినారు. మంచమ్మీద గుడ్డలు లేకుండా పండుకున్యా. అప్పుడు పోని మానం, నా సేత్తో అల్లుకున్నది ఆరేసుకుంటే పోతాదా?"

ఆ రోజు, మర్నాడు మాటల్లేవు. కంచం పెడితే తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, పోయాడు. ఆ తర్వాత రోజు పొద్దున షాపు తాళాలు తీసుకుంటూ, నా వైపు చూడకుండా అడిగాడు.

"ఆ కోసిన సోట ఇంగా నొప్పుంటాదా?"

ఆపరేషను అయినప్పటి నుంచి ఆయన ఆ మాట ఒక్కసారి కూడా అడగలేదు. అడగకూడని సంగతి అనుకున్నాడేమో.

"ఇవి ఏసుకుంటే లేదు" అన్నాను.

"సరే. ఆ ఎర్రదొక్కటి లోపలేసుకోరాదా?"

"ఎర్రదే అన్నిటికన్నా మెత్తంది."

నవ్వు ఆపుకోలేక తలుపు చప్పుడు చేసుకుంటూ వెళ్ళాడు. ఆయన నా వైపు వచ్చాడని కాదు. అడ్డం తొలిగాడంతే. నాకు అది చాలు.

ఓనరమ్మ మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు ఎమ్మిగనూరు నుంచి వచ్చేసరికి మా గడప ముందు ప్లాస్టిక్ బకెట్ ఉంది. అందులో పొద్దున నేను పరిచిపోయిన డ్రాయర్లు, బనియను. ఇంకా తడిగా ఉన్నాయి. పైన పాత పేపరు కప్పి ఉంది. తీసి చూస్తే వాటిని గట్టిగా మెలితిప్పి పిండారు. ఊలును అలా పిండకూడదు. ఆకులు వేసిన అంచు ఒకవైపు జానెడు సాగిపోయి, పాత గోనెపట్టాలా వేలాడింది. మూడు వారాల పని.

బకెట్ పట్టుకుని కిందికి దిగాను. ఓనరు వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఉద్యోగం చేసి రిటైరైన మనిషి, ఎప్పుడూ నెమ్మదిగానే మాట్లాడతాడు. ఆమె తలుపు వెనక నిలబడింది.

"ఎవురు పిండినారు వీటిని?" అన్నాను.

"మా యావిడే తీసింది" అన్నాడాయన. "ఇది సంసారులుండే ఇల్లమ్మా. నేను పెద్దోన్ని, సెప్తాండా. ఇష్టముంటే పద్ధతిగ ఉండండి. లేకుంటే వేరే ఇల్లు సూసుకోండి."

"సూసుకుంటాం" అన్నాను.

మా ఆయన్ను అడగలేదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

ఆయన వచ్చాక చెబితే మంచం మీద కూలబడ్డాడు.

"పిల్ల పెండ్లి జేసిన ఇల్లు. షాపుకు నడిసిపోయేంత దగ్గర. డ్రాయర్ల కోసం ఖాళీ జేస్తామా?"

నేను బకెట్లోంచి ఆకుల అంచుది తీసి ఆయన చేతిలో పెట్టాను. అంతకుముందు ఆయన నా అల్లికను ముట్టుకోలేదు. మొదట ఇబ్బంది పడ్డాడు. తర్వాత రెండు చేతులతో చాపి, లైటు కిందికి తీసుకుపోయి, సాగని వైపున్న ఆకులు ఒక్కొక్కటే చూశాడు. సాగిన వైపు చూశాడు. ఆయనా చేతిపని చేసేవాడే. వంకరపోయిన చక్రాన్ని పుల్ల పుల్లా బిగించి పూటంతా కూర్చుని సరిచేసేవాడు.

"ఇది నువ్వు అల్లిందేనా?"

"నేనే."

"దీన్ని ఇట్లా పిండనీకి ఆ ముండకు సేతులెట్లా వచ్చినాయి?" అన్నాడు. ఆయన నోట ఆ తిట్టు నేను ఎప్పుడూ వినలేదు. మర్నాటి నుంచి షాపుకు వచ్చినవాళ్ళందరినీ ఇల్లుందా అని అడగడం మొదలుపెట్టాడు. ఎందుకు మారుతున్నారని అడిగితే, "మా ఇంటామెకు మిద్దె కావల్ల" అని చెప్పాడట.

సామాన్లు కడుతున్నప్పుడు కింద పక్క పోర్షనులో ఉండే ఆపా పైకి వచ్చింది. చీరలకు ఫాల్ కుడుతుంది ఆమె. రంజానుకు మాకు ఖీర్ పంపేది, ఉగాదికి మా ఇంటి నుంచి పచ్చడి పోయేది. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసింది. నా కౌంటరు దగ్గరికొచ్చే ఆడవాళ్ళ చూపు అది, వెంటనే గుర్తుపట్టాను.

"అక్కా, నాకొకటి అల్లిస్తావా? షుగరుంది గదా. రబ్బరు కోసుకుంటే మానడంలే."

"అల్లియ్యను ఆపా. నేర్పిస్తా, నువ్వే అల్లుకో."

"హాయ్ అల్లా, నావల్ల యాడైతాది!"

"సూది సేతబడితే సీర అంచు కనపడకుండ కుడ్తావు. ఇదెందుకు గాదు?"

పుల్లలు ఇచ్చి, సీదా ఉల్టా చూపించాను. నాకన్నా వేగంగా పట్టుకుంది. ఇల్లు మారాక కూడా ఆదివారాలు మా కొత్తింటికి వచ్చి అల్లేది. బూడిదరంగుది పూర్తి చేసి వేసుకున్న రోజు ఫోను చేసి, చాలాసేపు నవ్వింది. అయితే దాన్ని ఆమె లోపలి గదిలో, ఓణీ కింద ఆరబెడుతుంది. పైన వెయ్యమని నేను చెప్పలేదు. ఆమె ఇంట్లో అత్తగారుంది, మరుదులున్నారు, ఆమె లెక్కలు ఆమెకున్నాయి. పుండు మానింది. నేను పోట్లాడింది నా మంచం గురించి, అందరి తీగల గురించి కాదు.

కొత్త ఇల్లు కొండ అడుగున ఉంది. బస్టాండుకు దూరం, నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, మా ఆయన షాపుకు సైకిల్ మీద పోవాల్సి వచ్చింది. ఓనరు ఒక ముసలామె, కోడుమూరు వైపు నుంచి వచ్చి స్థిరపడింది. భర్త లేడు. చేరిన మొదటి వారమే నేను పైన మంచం వేసి డ్రాయర్లు పరిచాను. దాచిపెట్టి తర్వాత తెలియడం కన్నా ముందే తెలియడం మంచిదనిపించింది. ఆమె మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వచ్చి చూసింది.

"ఏందివి?"

"నా డ్రాయర్లవ్వా. ఊలువి. నేనే అల్లుకున్నా."

"ముల్లు మాదిరి కుట్టవా?"

"కుట్టవు. మెత్తగుంటాయి."

ఆమె వంగి, చూపు సరిగా ఆనక దగ్గరికి వచ్చి చూసింది. "ఈడ కోతులెక్కువ. సూసుకో" అని దిగిపోయింది.

ఆమె చెప్పింది నిజమైంది. ఒక ఆదివారం నేను కింద బియ్యం ఏరుతుంటే పైన దబదబ చప్పుడయింది. పరుగెత్తేసరికి పెద్ద కోతి ఒకటి ఎర్ర డ్రాయరును చంకలో పెట్టుకుని పక్క మిద్దె మీదికి దూకింది. అక్కడి నుంచి ఇంకో మిద్దెకు. చివరికి వీధి చివర నీళ్ళ ట్యాంకు పైన కూర్చుని, దాన్ని తలకు తొడుక్కుని చూసింది, నోట్లో పెట్టుకుని చూసింది. వీధిలో ఆడే పిల్లలు కేకలు పెట్టారు. పెద్దవాళ్ళు బయటికొచ్చారు. అరటిపండు పట్టుకుని నేను ట్యాంకు దాకా పోయేలోపే కోతి అటువైపు దిగి కనపడకుండా పోయింది. నేను ఉత్త చేతులతో తిరిగొచ్చాను.

కాసేపటికి మా గడప ముందు ఎవరో పిలిచారు. పక్క వీధిలో పిండిమిల్లు నడిపే మనిషి. కనుబొమ్మల దాకా పిండి. చేతిలో పొడుగాటి వెదురు కర్ర, దాని కొసన నా ఎర్ర డ్రాయరు. పామును తెచ్చినట్టు దూరంగా పట్టుకుని తెచ్చాడు. అతని వెనక ఆడా మగా గుంపుగా వచ్చి నిలబడ్డారు.

"అమ్మా, ఇది మా మిల్లు ముందర పడింది. మీ ఇంటిదని ఎవురో అన్నారు" అన్నాడు. ఇబ్బందిగా అటూ ఇటూ చూసి, "మీది కాదేమోలే. నేను యాడన్నా పారేస్తా" అన్నాడు.

పాపం, నన్ను తప్పించాలనే చూశాడు. కాదు అంటే అందరి ముందు గండం గడిచిపోయేది. గుంపులో వాళ్ళు కూడా నేను అలాగే అంటానని ఎదురుచూశారు.

"నాదేనప్పా" అన్నాను.

మెట్లు దిగి, కర్ర కొస నుంచి డ్రాయరును తీసుకుని, దుమ్ము దులిపి, అందరి ముందూ రెండు చేతులతో చాపి చూశాను. నడుము పట్టీ బాగానే ఉంది. కాలి దగ్గర కోతి పంటికి ఒక పోగు తెగి, నాలుగు కళ్ళు జారాయి. అలా వదిలేస్తే మొత్తం జారిపోతుంది.

"తెచ్చిచ్చినందుకు సంతోషమప్పా. శానా దినాలు పట్టింది అల్లేకి" అన్నాను.

"సేత్తోనేనా?" అన్నాడతను.

"సేత్తోనే."

అతను కర్ర కింద పెట్టాడు. కనుబొమ్మల మీద పిండి తుడుచుకున్నాడు. నేను లోపలికి పోయి పుల్ల, ఎర్ర దారం తెచ్చుకుని అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. జారిన కళ్ళు ఒక్కొక్కటే పుల్లకు ఎక్కించుకుంటూ సరిచేయడం మొదలుపెట్టాను. మా ఓనరు అవ్వ అరుగు మీద నుంచి, "ఆ ట్యాంకు కాడికి ఎవురు పొమ్మన్నారే నిన్ను, కోతి కొరికింటే?" అని తిట్టింది. గుంపు కాసేపు నిలబడింది. ఒక ఆడమనిషి దగ్గరికొచ్చి తొంగి చూసింది. ఎవరో నవ్వారు, ఆ నవ్వుకు ఇంకెవరూ తోడు నవ్వలేదు. చూడడానికి అంతకుమించి ఏమీ లేదని తెలిశాక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

అతుకు పడిన చోట కన్ను కొంచెం బిగుతుగా వచ్చింది. వేసుకుంటే తెలియదు.